మీ ఊరి సూర్యోదయం, సూర్యాస్తమయం, పగటి పొడవు మీరే లెక్కకట్టండి: శ్రీకాకుళం ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లిలో ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబర్ మొదటి రోజుల్లోనూ, ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వెళ్లి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. అదే గుడి, అదే గుమ్మం, సూర్యుడు పొడిచే దిక్కూ దాదాపు అదే. కానీ గడియారం చూస్తే మార్చి 10న శ్రీకాకుళంలో సూర్యోదయం 6 గంటల 7 నిమిషాలకు, అక్టోబర్ 2న 5 గంటల 45 నిమిషాలకే. 21 నిమిషాలకు పైగా తేడా. పగటి పొడవు మాత్రం రెండు రోజులూ ఇంచుమించు సమానం, నిమిషం అటూ ఇటూగా 11 గంటల 57 నిమిషాలు.

సూర్యుడు ఒకే దిక్కున పొడుస్తూ, పగలు ఒకే పొడవు ఉంటే గడియారంలో ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు దొరికితే సూర్యోదయం లెక్క మొత్తం చేతికి వచ్చినట్టే. యాప్ తెరిస్తే టైమ్ కనిపిస్తుంది, కాదనను. కానీ ఆ అంకె ఎలా వచ్చిందో తెలిసిన మనిషికి పంచాంగం, గడియారం, ఆకాశం మూడూ కలిసి కనిపిస్తాయి. ఇంటర్ లెక్కలు వచ్చిన పిల్లలెవరైనా ఒక సాయంత్రం కూర్చుంటే ఇది చేసేయగలరు.

లెక్క నిజానికి రెండు ముక్కలు. ఆ రోజు మన నెత్తి మీదికి సూర్యుడు గడియారం ప్రకారం ఎన్నింటికి వస్తాడన్నది మొదటి ముక్క. పగలు ఎంత పొడవన్నది రెండోది. మధ్యాహ్నం దొరికాక, పగటి పొడవులో సగం వెనక్కి వెళ్తే సూర్యోదయం, సగం ముందుకు వెళ్తే సూర్యాస్తమయం. ఈ రెండు ముక్కలనూ కలిపేసి ఆలోచించడం వల్లే చాలామందికి ఈ విషయం గందరగోళంగా ఉంటుంది. విడదీసి పట్టుకుంటే చిక్కు విడిపోతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి చాలు. ఫోన్‌లో ఉన్నదైనా సరే. అది డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. వేరే అంకె వస్తే అది రేడియన్లలో ఉంది, మార్చాలి. ఈ లెక్కలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

మీ ఊరి అక్షాంశం, రేఖాంశం కావాలి. ఫోన్ మ్యాప్‌లో మీ వీధి మీద వేలు నొక్కి పట్టుకుంటే దశాంశాల్లోనే చూపిస్తుంది. శ్రీకాకుళానికి అక్షాంశం 18.30, రేఖాంశం 83.90 తీసుకుందాం. విజయనగరానికి 18.12, 83.40. పాత పుస్తకాల్లో డిగ్రీలు, కళలుగా రాసి ఉంటే కళలను 60తో భాగించి కలపండి. 18 డిగ్రీల 18 కళలు అంటే 18.30.

సూర్యోదయం అంటే ఏ క్షణం?

ఇది తేల్చుకోకుండా లెక్క మొదలుపెట్టకూడదు. బింబం పై అంచు దిగంతం మీద మొదటిసారి తళుక్కుమన్న క్షణాన్ని సూర్యోదయం అంటున్నాం. ఆ క్షణానికి బింబం మధ్య భాగం దిగంతానికి 16 కళలు కింద ఉంటుంది, ఎందుకంటే సూర్యబింబం వ్యాసం సుమారు 32 కళలు. దీనికి తోడు గాలి వెలుతురును వంచుతుంది. దిగంతం దగ్గర ఆ వంపు సుమారు 34 కళలు. రెండూ కలిపితే 50 కళలు, అంటే 0.833 డిగ్రీలు. సూర్యుడి కేంద్రం దిగంతానికి 0.833 డిగ్రీలు కింద ఉండగానే మనకు పొద్దు పొడిచేస్తుంది.

కళింగపట్నం బీచ్‌లో నిలబడి చూస్తే బింబం అడుగు అంచు నీళ్లను తాకుతున్నట్టు కనిపించే వేళ ఒకటి ఉంటుంది కదా, ఆ సమయానికి గాలే లేకపోయి ఉంటే సూర్యుడు దాదాపు మొత్తం సముద్రం కిందే ఉండేవాడు. కొన్ని పంచాంగాలు గాలి వంపు పట్టించుకోకుండా బింబ మధ్యాన్ని లెక్కిస్తాయి. అలాంటి పంచాంగంలో సూర్యోదయం మన లెక్క కన్నా మూడున్నర, నాలుగు నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, నిర్వచనం వేరు.

మొదటి అడుగు: రోజుల సంఖ్య

ఖగోళ లెక్కల్లో రోజులను 2000 జనవరి 1 మధ్యాహ్నం గ్రీనిచ్ సమయం నుంచి లెక్కపెడతారు. అక్కడి నుంచి మనకు కావలసిన రోజు వరకు ఎన్ని రోజులైందో తెలియాలి. మన గడియారం మధ్యాహ్నం 12 గంటలకు లెక్కిస్తే ఉదయానికీ సాయంత్రానికీ రెండింటికీ పనికొస్తుంది. 2026కి సూత్రం చాలా చిన్నది:

రోజుల సంఖ్య = 9495.77 + ఆ తేదీ సంవత్సరంలో ఎన్నో రోజు

మార్చి 10 అంటే జనవరి 31, ఫిబ్రవరి 28, ఆపై 10, మొత్తం 69వ రోజు. కాబట్టి రోజుల సంఖ్య 9564.77. ఇకపై ఈ తేదీనే వెంటబెట్టుకుని వెళ్దాం.

2027కి 9495.77 బదులు 9860.77 వాడండి. 2028కి 10225.77. 2028 లీపు సంవత్సరం కాబట్టి 2029కి 366 కలిపి 10591.77.

రెండో అడుగు: సూర్యుడు ఎక్కడున్నాడు?

అసలు పట్టు ఇక్కడ ఉంది. మన సిద్ధాంత జ్యోతిషం ఎలా చేసిందో ఇక్కడా అలాగే చేస్తాం. ముందు ఎప్పుడూ ఒకే వేగంతో నడిచే మధ్యమ సూర్యుణ్ని ఊహించుకుంటాం, తర్వాత దానికి సవరణ చేసి అసలు సూర్యుణ్ని, అంటే స్ఫుట సూర్యుణ్ని పట్టుకుంటాం.

మధ్యమ సూర్యుడు = 280.460 + 0.9856474 × రోజుల సంఖ్య

మార్చి 10కి ఇది 9707.951 వస్తుంది. 360లు ఎన్ని పోతే అన్ని తీసేయండి. మిగిలేది 347.951 డిగ్రీలు.

రెండో అంకెను కేంద్రం అందాం. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండే చోటు నుంచి ఎంత దూరం నడిచిందో అది చెబుతుంది. భూమి ఆ చోటికి జనవరి మొదటి వారంలో వస్తుంది.

కేంద్రం = 357.528 + 0.9856003 × రోజుల సంఖ్య

మార్చి 10కి 360లు తీసేశాక 64.568 డిగ్రీలు.

భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు. దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. ఆ హెచ్చుతగ్గుల సవరణనే మందఫలం అంటారు:

మందఫలం = 1.915 × సైన్(కేంద్రం) + 0.020 × సైన్(2 × కేంద్రం)

మార్చి 10కి 1.729 + 0.016 = 1.745 డిగ్రీలు. దీన్ని మధ్యమ సూర్యుడికి కలిపితే స్ఫుట సూర్యుడు 349.696 డిగ్రీలు.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. 349.7 డిగ్రీలు అంటే మీనంలో ఉండాలి, కానీ మార్చి 10న పంచాంగంలో రవి కుంభంలోనే ఉంటాడు. కారణం, మనం లెక్కించింది సాయనం, వసంత విషువత్తు నుంచి, అంటే మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే వేళ సూర్యుడుండే చోటు నుంచి, కొలిచిన స్థానం. పంచాంగంలోది నిరయనం, నక్షత్రాలను బట్టి కొలిచినది. మధ్య తేడా అయనాంశ, ఇప్పుడు 24 డిగ్రీలకు కాస్త పైన. సూర్యోదయం లెక్కకు మాత్రం సాయనమే వాడాలి. నిరయన రవిని ఇందులో పెడితే పగటి పొడవు మొత్తం తారుమారవుతుంది.

మూడో అడుగు: క్రాంతి

సూర్యుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉన్నాడో చెప్పేది క్రాంతి. భూమి ఒంపు 23.435 డిగ్రీలు. దాని సైన్ 0.3977.

సైన్(క్రాంతి) = 0.3977 × సైన్(స్ఫుట సూర్యుడు)

మార్చి 10కి 0.3977 × (−0.1789) = −0.0711. కాలిక్యులేటర్‌లో విలోమ సైన్ కొడితే క్రాంతి −4.08 డిగ్రీలు. మైనస్ అంటే దక్షిణం. ఇంకా పది రోజులకు విషువత్తు వస్తుంది కాబట్టి నాలుగు డిగ్రీలు దక్షిణాన ఉండటం సబబే. విషువత్తు దగ్గర క్రాంతి రోజుకు సుమారు 0.4 డిగ్రీ మారుతుంది, ఈ లెక్కన నోటితోనే సరిచూసుకోవచ్చు.

నాలుగో అడుగు: పగటి పొడవు

మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం వరకు భూమి ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో కనుక్కోవాలి. దాన్ని అర్ధ దినం అందాం.

కొసైన్(అర్ధ దినం) = [ −0.01454 − సైన్(అక్షాంశం) × సైన్(క్రాంతి) ] ÷ [ కొసైన్(అక్షాంశం) × కొసైన్(క్రాంతి) ]

ఆ 0.01454 మనం ముందు చెప్పుకున్న 0.833 డిగ్రీల సైన్. శ్రీకాకుళం అక్షాంశానికి సైన్ 0.3140, కొసైన్ 0.9494. ఇవి మారవు, ఒకసారి రాసి పెట్టుకోండి.

మార్చి 10కి పైన ఉన్నది: −0.01454 + 0.02234 = 0.00780. మైనస్ × మైనస్ దగ్గర తొందరపడితే గుర్తు తారుమారవుతుంది, నెమ్మదిగా చేయండి. కింద ఉన్నది 0.9494 × 0.9975 = 0.9470. భాగిస్తే 0.0082. విలోమ కొసైన్ 89.53 డిగ్రీలు.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. 89.53ను 4తో గుణిస్తే 358.1 నిమిషాలు, అంటే 5 గంటల 58.1 నిమిషాలు. పగటి పొడవు దీనికి రెట్టింపు, 11 గంటల 56.2 నిమిషాలు.

పగటి పొడవులో రేఖాంశం రాలేదు, గడియారం రాలేదు, సంవత్సరం కూడా నేరుగా రాలేదు. ఊరి అక్షాంశం, సూర్యుడి క్రాంతి, ఈ రెండే. క్రాంతి ఒకటే అయిన ఏ రెండు రోజుల్లోనైనా పగలు ఒకే పొడవు ఉంటుంది.

ఐదో అడుగు: మధ్యాహ్నం ఎన్నింటికి?

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా, మన రాష్ట్రంలో కాకినాడ, తుని వైపుగా ఆ గీత వెళ్తుంది. పాత సిద్ధాంత గ్రంథాలకు ఉజ్జయిని గీత ఎలాగో మనకిప్పుడు ఇది అలాగ. దానికి తూర్పున ఉన్న ఊళ్లకు సూర్యుడు ముందే వస్తాడు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున. దీన్నే దేశాంతర సంస్కారం అంటారు. శ్రీకాకుళానికి 83.90 − 82.50 = 1.40 డిగ్రీలు, అంటే 5.6 నిమిషాలు ముందు. ఇది ఏడాది పొడవునా మారదు.

మారేది కాల సమీకరణం. సూర్యుడు చూపే సమయానికీ గడియారం చూపే సమయానికీ ఉండే తేడా ఇది. దీనికి కారణాలు రెండు. ఒకటి, ముందు చెప్పిన మందఫలం. అసలు సూర్యుడు మధ్యమ సూర్యుడి కన్నా తూర్పుకు ముందుంటే నెత్తి మీదికి రావడం ఆలస్యమవుతుంది. దీని వల్ల అటూ ఇటూ ఏడున్నర నిమిషాలకు పైగా తేడా వస్తుంది. రెండోది భూమి ఒంపు. సూర్యుడు నడిచే దారి భూమధ్యరేఖకు వాలుగా ఉంది కాబట్టి, ఒకే వేగంతో నడిచినా తూర్పు వైపు జరిగే మోతాదు అన్ని నెలల్లో ఒకేలా ఉండదు. దీని వల్ల దాదాపు పది నిమిషాల వరకు తేడా. మన సిద్ధాంత గ్రంథాలు మొదటిదాన్ని భుజాంతరం అనీ రెండోదాన్ని ఉదయాంతరం అనీ విడివిడిగా చేయించాయి. ఆ విడదీయడం నాకు ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే సూత్రంలో కూడా అవి విడిగానే కనిపిస్తాయి:

భుజాంతరం = −4 × మందఫలం

ఉదయాంతరం = 4 × [ 2.466 × సైన్(2 × స్ఫుట సూర్యుడు) − 0.053 × సైన్(4 × స్ఫుట సూర్యుడు) ]

కాల సమీకరణం = భుజాంతరం + ఉదయాంతరం (నిమిషాల్లో)

మార్చి 10కి భుజాంతరం −7.0, ఉదయాంతరం −3.3, మొత్తం −10.3 నిమిషాలు. మైనస్ అంటే సూర్యుడు గడియారం కన్నా వెనకబడ్డాడు.

మధ్యాహ్నం = 12 గంటలు − దేశాంతరం − కాల సమీకరణం

12 గంటల నుంచి 5.6 తీసేసి 10.3 కలిపితే 12 గంటల 4.7 నిమిషాలు.

ఆరో అడుగు: కలపడం

12 గంటల 4.7 నిమిషాల నుంచి 5 గంటల 58.1 నిమిషాలు తీసేస్తే సూర్యోదయం ఉదయం 6 గంటల 6.6 నిమిషాలు. అంతే కలిపితే సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటల 2.8 నిమిషాలు.

ఇక అక్టోబర్ 2. అది 275వ రోజు, రోజుల సంఖ్య 9770.77. మధ్యమ సూర్యుడు 190.994, కేంద్రం 267.602, మందఫలం −1.912, స్ఫుట సూర్యుడు 189.082, క్రాంతి −3.60 డిగ్రీలు. అర్ధ దినం 5 గంటల 58.75 నిమిషాలు, మార్చి 10 కన్నా 40 సెకన్లు కూడా ఎక్కువ కాదు. కాల సమీకరణం దగ్గర అంతా తిరగబడింది. భుజాంతరం +7.6, ఉదయాంతరం +2.9, మొత్తం దగ్గర దగ్గర +10.6. మధ్యాహ్నం 11 గంటల 43.8 నిమిషాలకే. సూర్యోదయం 5 గంటల 45 నిమిషాలు, సూర్యాస్తమయం 5 గంటల 42.5 నిమిషాలు.

కాబట్టి ఆ 21 నిమిషాలు పూర్తిగా కాల సమీకరణం పనే. మార్చిలో సూర్యుడు పది నిమిషాలు లేటు, అక్టోబర్‌లో పది నిమిషాలు ముందు. గుడిలోకి వచ్చే కిరణానికి గడియారంతో పని లేదు, క్రాంతితోనే పని.

ఏ దిక్కున పొడుస్తాడు?

క్రాంతి దొరికింది కాబట్టి ఇంకొక్క మెట్టులో ఇదీ తెలుస్తుంది. సైన్(క్రాంతి)కి 0.0046 కలిపి, కొసైన్(అక్షాంశం)తో భాగించి, విలోమ సైన్ కొట్టండి. నిఖార్సైన తూర్పు నుంచి ఎన్ని డిగ్రీలు ఉత్తరానికో దక్షిణానికో వస్తుంది. ఆ 0.0046 శ్రీకాకుళం అక్షాంశానికి గాలి వంపు, బింబం సైజు వల్ల వచ్చే చిన్న సవరణ.

మార్చి 10న తూర్పుకు 4 డిగ్రీలు దక్షిణంగా, అక్టోబర్ 2న మూడున్నర డిగ్రీలు దక్షిణంగా. తేడా అర డిగ్రీ, అంటే సూర్యబింబం వెడల్పంత. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిగితే ఆ అర డిగ్రీ కూడా సరిపోతుంది. గర్భగుడి దాకా కిరణం చేరేసరికి సూర్యుడు కొంచెం పైకి ఎక్కి ఇంకాస్త దక్షిణానికి జరిగి ఉంటాడు, అయినా రెండు సార్లూ ఒకే దారిలో జరుగుతాడు. జూన్ 21న ఇక్కడ సూర్యుడు తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు, డిసెంబర్ 21న ఇరవై నాలుగున్నర డిగ్రీలు దక్షిణంగా. మేడ మీద నిలబడి ఏ కొబ్బరిచెట్టు వెనక పొడుస్తున్నాడో నెలకోసారి గుర్తు పెట్టుకుంటే ఏడాదిలో ఈ యాభై డిగ్రీల ఊగిసలాట కళ్లకు కడుతుంది.

కర్ర నీడతో సరిచూసుకోవడం

కాలిక్యులేటర్ లేని రోజుల్లో పంచాంగకర్తలు ఇదంతా ఒక కర్ర నీడ నుంచి రాబట్టారు. ఈ పద్ధతిని మీరూ చేసి చూడాలి, ముఖ్యంగా బడి పిల్లలతో చేయించాలి.

విషువత్తు రోజున, మార్చి 20 లేదా సెప్టెంబర్ 23 ప్రాంతంలో, 12 అంగుళాల శంకువును, అంటే కొలత కర్రను, నిటారుగా పాతి, సరిగ్గా సూర్య మధ్యాహ్నానికి నీడ కొలుస్తారు. ఆ నీడ పేరు పలభ. శ్రీకాకుళంలో మార్చి 20న ఆ క్షణం 12 గంటల 2 నిమిషాలకు, సెప్టెంబర్ 23న 11 గంటల 47 నిమిషాలకు వస్తుంది. పలభ విలువ 12 × టాన్(18.3) = 3.97 అంగుళాలు, ఇంచుమించు 4. మీటరు కర్రతో చేస్తే నీడ 33 సెంటీమీటర్లు రావాలి. కర్ర నిటారుగా ఉందో లేదో తాపీ మేస్త్రీ దగ్గర ఉండే తూకపు గుండుతో చూడండి, నేల చదునుగా ఉండాలి.

పలభను 10తో, 8తో, 10లో మూడోవంతుతో గుణిస్తే చరఖండాలు వస్తాయి. పలభను 4 అనుకుంటే 40, 32, 13⅓ విఘడియలు. విఘడియ అంటే 24 సెకన్లు. సూర్యుడు విషువత్తు నుంచి మొదటి 30 డిగ్రీలు నడిచేసరికి చరం 40 విఘడియలు, 60 డిగ్రీలకు 72, 90 డిగ్రీలకు 85⅓. చరం అంటే ఆరు గంటల నుంచి సగం పగలు ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో ఆ మొత్తం.

మార్చి 10న సూర్యుడు విషువత్తుకు 10.3 డిగ్రీల దూరంలో ఉన్నాడు. 40ని 30తో భాగించి 10.3తో గుణిస్తే 13.7 విఘడియలు, అంటే ఐదున్నర నిమిషాలు. ఆధునిక సూత్రంలో సైన్(చరం) = టాన్(అక్షాంశం) × టాన్(క్రాంతి) ప్రకారం చేస్తే 5.4 నిమిషాలు. తేడా పది సెకన్లు కూడా లేదు! కర్ర నీడ నుంచి, నోటి గుణకారాలతో, ఇంత దగ్గరగా రావడం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆరు గంటల్లోంచి 5.4 నిమిషాలు తీసేసి, గాలి వంపు, బింబం కోసం మూడున్నర నిమిషాలు కలిపితే మన 5 గంటల 58.1 నిమిషాలే వస్తాయి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. క్రాంతి సరిగ్గా 18.3 ఉత్తరం అయిన రోజున శ్రీకాకుళంలో మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. మే 12, 13 ప్రాంతంలోనూ జూలై 30, 31 ప్రాంతంలోనూ అది జరుగుతుంది. జూలై చివర మబ్బులుంటాయి కాబట్టి మే నెలదే నమ్మకం.

మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు

ఏడాది పొడవునా లెక్కకడితే పెద్దలు ఈ మాట ఎందుకన్నారో అంకెల్లో కనిపిస్తుంది. శ్రీకాకుళంలో అతి పొట్టి పగలు డిసెంబర్ 21 ప్రాంతంలో, 11 గంటల 2 నిమిషాలు. అతి పొడవైన పగలు జూన్ 21న, 13 గంటల 14 నిమిషాలు. కానీ పొద్దు అన్నిటికన్నా ముందుగా గూకేది డిసెంబర్ 21న కాదు, నవంబర్ 25 ప్రాంతంలో, సాయంత్రం 5 గంటల 16 నిమిషాలకు. డిసెంబర్ 21కి సూర్యాస్తమయం అప్పుడే 5 గంటల 23 నిమిషాలకు జరిగిపోయి ఉంటుంది. కార్తీకం చివర, మార్గశిరం మొదట్లో సాయంత్రం అనేదే లేనట్టు అనిపించడానికి ఇదే కారణం.

ఉదయం సంగతి దీనికి తలకిందులు. డిసెంబర్ 21న సూర్యోదయం సుమారు 6 గంటల 22 నిమిషాలకు. ఆ తర్వాత పగలు పెరుగుతున్నా సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. భోగి మంటల నాటికి కూడా ఆ జరుగుడు ఆగదు. జనవరి 19 ప్రాంతంలో 6 గంటల 30 నిమిషాలకు చేరి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. డిసెంబర్, జనవరి నెలల్లో కాల సమీకరణం రోజుకు అర నిమిషం దాకా మారిపోతూ మధ్యాహ్నాన్నే ఆలస్యం వైపు తోస్తుంటుంది. అయనం దగ్గర క్రాంతి కదలిక చాలా నెమ్మది కాబట్టి, పగలు పెరిగే వేగం ఆ తోపుడుతో పోటీపడలేదు. మన అక్షాంశం చిన్నది కావడం వల్ల ఇది ఇక్కడ బాగా కనిపిస్తుంది. ఉత్తరాదికి వెళ్లేకొద్దీ ఈ తేదీలు డిసెంబర్ 21కి దగ్గరపడతాయి.

వేసవిలోనూ ఇదే ఆట, కాస్త చిన్నగా. అతి ముందు సూర్యోదయం జూన్ 5 ప్రాంతంలో 5 గంటల 17 నిమిషాలకు, అతి ఆలస్యపు సూర్యాస్తమయం జూలై మొదటి వారంలో 6 గంటల 35 నిమిషాలకు.

విజయనగరం, ఇచ్ఛాపురం

ఒకే టైమ్‌ను రెండు జిల్లాలకూ వాడేస్తే ఎంత తప్పు వస్తుంది? ఇచ్ఛాపురం రేఖాంశం సుమారు 84.70, అక్షాంశం 19.12. విజయనగరం కన్నా 1.3 డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడ మధ్యాహ్నం 5.2 నిమిషాలు ముందు. ఒక డిగ్రీ ఉత్తరాన ఉండటం వల్ల జూన్‌లో అక్కడి సగం పగలు 2 నిమిషాలు ఎక్కువ, డిసెంబర్‌లో 2 నిమిషాలు తక్కువ. రెండూ కలిపితే జూన్ 21న ఇచ్ఛాపురంలో విజయనగరం కన్నా 7 నిమిషాలు ముందే పొద్దు పొడుస్తుంది, డిసెంబర్ 21న మాత్రం 3 నిమిషాలే ముందు. సాయంత్రం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికి మాత్రం నిమిషం లోపే తేడా, పట్టించుకోనక్కర్లేదు.

లెక్కకూ కంటికీ తేడా వస్తే

ఈ పద్ధతి చదునైన దిగంతానికి నిమిషంలోపు సరిగ్గా వస్తుంది. అంతకు మించి తేడా వస్తే ముందు దిగంతాన్ని అనుమానించండి. సూర్యుడు ఇక్కడ విషువత్తు రోజుల్లో డిగ్రీ దిగడానికి 4.2 నిమిషాలు పడుతుంది. సాలూరు, పార్వతీపురం వైపు పడమటి కొండలు మీ ఇంటి నుంచి 3 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంటే సూర్యుడు దాదాపు పావుగంట ముందే కొండ వెనక్కి వెళ్లిపోతాడు. చెయ్యి పూర్తిగా చాచి పట్టుకుంటే మూడు వేళ్ల వెడల్పు సుమారు 5 డిగ్రీలు, దాంతో కొండ ఎత్తు అంచనా వేయొచ్చు. ఎత్తు మీద నుంచి సముద్రాన్ని చూస్తే దీనికి వ్యతిరేకం. 20 మీటర్ల ఎత్తున నిలబడితే దిగంతం 8 కళలు కిందికి దిగుతుంది, సూర్యోదయం అర నిమిషం ముందే కనిపిస్తుంది. చలికాలం మంచు పట్టిన ఉదయాల్లో మొదటి తళుకు కనబడకపోవడం, గాలి వేడిని బట్టి ఆ 34 కళల వంపు మారడం కూడా మామూలే. అందుకే సెకన్లలో సూర్యోదయం చెప్పేవాళ్లను నమ్మకండి.

వేటకు వెళ్లే పడవలకూ పొద్దున్నే పొలం వెళ్లేవాళ్లకూ సూర్యోదయం కన్నా వెలుగు రేకలు ముఖ్యం. లైటు లేకుండా పని చేసుకోగల వెలుతురు సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కింద ఉండగా వస్తుంది. నాలుగో అడుగులో 0.01454 బదులు 0.10453 పెట్టండి, అంతే. మార్చి 10న అది సూర్యోదయానికి 22 నిమిషాల ముందు, 5 గంటల 45 నిమిషాలకు.

ఏడాది పట్టిక

365 రోజులకూ చేతితో చేయనక్కర్లేదు. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ స్ప్రెడ్‌షీట్ తెరిచి మొదటి నిలువు వరసలో తేదీలు, రెండో దాంట్లో రోజుల సంఖ్య, తర్వాత మధ్యమ సూర్యుడు, కేంద్రం, మందఫలం, స్ఫుట సూర్యుడు, క్రాంతి, అర్ధ దినం, కాల సమీకరణం, మధ్యాహ్నం, చివర ఉదయం, అస్తమయం పెట్టండి. స్ప్రెడ్‌షీట్‌కు డిగ్రీలు తెలియవు, రేడియన్లే తెలుసు. కాబట్టి సైన్, కొసైన్‌లలోకి వెళ్లే ప్రతి కోణాన్నీ ముందు రేడియన్లలోకి మార్చాలి, విలోమ సైన్, విలోమ కొసైన్‌ల నుంచి వచ్చినదాన్ని మళ్లీ డిగ్రీల్లోకి. 360లు తీసేయడానికి శేషం చెప్పే మాడ్ ఫంక్షన్ ఉంది. అక్షాంశం, రేఖాంశం రెండింటినీ పైన విడి గళ్లలో పెట్టి అక్కడి నుంచే తీసుకునేలా రాస్తే, ఊరు మార్చగానే పట్టిక మొత్తం మారుతుంది.

మొదటి వరస రాశాక కిందికి లాగే ముందు మార్చి 10, అక్టోబర్ 2 తేదీలు పెట్టి చూడండి. శ్రీకాకుళానికి క్రాంతి −4.08, −3.60, కాల సమీకరణం −10.3, +10.6 వస్తే సూత్రాలన్నీ సరిగ్గా ఉన్నట్టే. క్రాంతి సరిపోయి కాల సమీకరణం తప్పితే ఉదయాంతరంలో మధ్యమ సూర్యుణ్ని పెట్టారేమో చూడండి, అక్కడ స్ఫుట సూర్యుడు ఉండాలి. అన్నీ సరిపోయి సూర్యోదయం మాత్రం 11 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటే దేశాంతరాన్ని తీసేయాల్సింది పోయి కలిపారన్నమాట.